బాస్కెట్‌బాల్ షూటింగు శిక్షణము : కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల సందర్భమున

బంతిని రింగులోనికి చేర్చు విద్యకు బాస్కెట్‌బాల్ క్రీడలో షూటింగు అని పేరు. డ్రిబ్లింగు, పాసు, రీబౌండు, రక్షణము మున్నగు తక్కిన విద్యలన్నియు దీనికి మార్గము కల్పించుటకో, ఎదుటిపక్షమువారికి దీనిని నిరోధించుటకో ఏర్పడినవే యగుటచే, ఈ క్రీడను నేర్పు శిక్షకునకు షూటింగు బోధన ప్రధాన కర్తవ్యమగుచున్నది. చూచుటకిది సులభముగా తోచును. బంతి చేతిలోనున్నది, రింగు ఎదుట కదలక నిలిచియున్నది, ఫ్రీ త్రో సమయమున అడ్డుపడువాడు సైతము లేడు. అయినను ఏండ్ల తరబడి ఆడినవారు కూడ ఈ యొక్క విషయమున తడబడుచుండుటకు కారణము వారి చేతిలో కంటె వారు ఆటను ప్రారంభించిన వయస్సులోను, ఆనాడు వారికి లభించిన బంతిలోను, ఆ రింగు ఎత్తులోను వెదకవలసియున్నది. తెలంగాణ ఉత్తరభాగమున, పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల పరిధిలో, ఈ శిక్షణమునకు గల పరిస్థితులను దృష్టియందుంచుకొని ఈ వ్యాసము వ్రాయబడినది.

లక్ష్యము, దాని కొలతలు : రింగు నేలనుండి 3.05 మీటర్ల యెత్తున అమర్చబడును. దాని లోపలి వ్యాసము 45 సెంటీమీటర్లు. పురుషులు వాడు 7వ సంఖ్య బంతి వ్యాసము సుమారు 24 సెం.మీ.; కావున పైనుండి తిన్నగా చూచినచో రింగు వైశాల్యము బంతి అడ్డుకోత వైశాల్యమునకు మూడున్నర రెట్లు కలదు. ఇంత వెడల్పయిన రంధ్రమున బంతి పడకపోవుట యెట్లని క్రొత్తవారికి ఆశ్చర్యము కలుగును. కాని యీ లెక్క బంతి నిట్టనిలువుగా జారిపడినప్పుడు మాత్రమే చెల్లును. బంతి ఏటవాలుగా వచ్చుకొలది రింగు దానికి సన్నని అండాకృతిగా ముడుచుకొనును. 45 డిగ్రీల వాలున దిగు బంతికి ఆ రంధ్రము వెడల్పు సుమారు 32 సెం.మీ. మాత్రమే, 30 డిగ్రీల వాలున దిగుదానికి 22.5 సెం.మీ. ఇరువదినాలుగు సెంటీమీటర్ల బంతి అంత సందులో పట్టదు. 32 డిగ్రీలకంటె తక్కువ వాలున వచ్చిన బంతి అంచును తాకకుండ లోనికి పోవుట అసంభవమని దీనివలన తేలుచున్నది.

ఈ గణితమునే ఫ్రీ త్రో గీతకు అన్వయింతము. ఆ గీతనుండి రింగు కేంద్రమునకు అడ్డదూరము సుమారు 4.2 మీటర్లు. నేలకు 2 మీటర్ల యెత్తున బంతిని వదలు ఆటగాడు దానిని 45 డిగ్రీల కోణమున వదలినచో, అది రింగును చేరునప్పటికి వాలు 27 డిగ్రీలకు మించదు. అట్టి బంతి అంచును తాకి, అదృష్టము బాగున్నచో లోనికి దొర్లును, లేనిచో బయటికి ఎగురును. అదే ఆటగాడు 52 డిగ్రీల కోణమున వదలినచో బంతి 38 డిగ్రీల వాలున దిగును. అంతకంటె గమనింపదగిన విషయమొకటి కలదు: ఆ గీతనుండి రింగును చేరుటకు కావలసిన కనిష్ఠ వేగము, అనగా సెకనుకు సుమారు 7.3 మీటర్లు, సరిగా ఈ 52 డిగ్రీల కడనే సరిపోవును. కావున ఎత్తుగా వేయుట వృథాశ్రమ యనియు, తిన్నగా వేసినదే తక్కువ బలమున చేరుననియు బాలురలో ప్రబలియున్న అభిప్రాయము సత్యదూరము. అమెరికాలోని నార్త్ కెరొలైనా రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన సిల్వర్‌బర్గ్, ట్రాన్ అను పరిశోధకులు లక్షలాది ఊహాక్షేపణములను కంప్యూటరుపై గణించి 2008లో ప్రకటించిన ఫలితము సైతము ఫ్రీ త్రో విషయమున 52 డిగ్రీల కోణమునే సూచించినది. దానితోపాటు సెకనుకు సుమారు మూడు చుట్ల బ్యాక్‌స్పిన్ ఉండుట, రింగు మధ్యమునకు గాక వెనుక అంచు వైపునకు గురిపెట్టుట ప్రయోజనకరములని వారు తేల్చిరి. వెనుకకు తిరుగు బంతి బోర్డునో రింగునో తాకినప్పుడు దాని ముందువేగము క్షీణించి మెత్తగా క్రిందికి వ్రాలును. ఇదే బ్యాక్‌స్పిన్ రహస్యము.

బంతిని వదలు స్థానము ఎంత క్రిందనున్న, కోణమంత నిటారుగా ఉండవలెను, వేగమంత హెచ్చుగా కావలెను. 1.6 మీటర్ల యెత్తున వదలు బాలునకు అదే గీతనుండి 54 డిగ్రీల పైచిలుకు కోణము, సెకనుకు 7.6 మీటర్ల వేగము అవసరము. పొట్టివానిని, బలహీనుని ప్రకృతియే హెచ్చు శ్రమ చేయుమని శాసించుచున్నదన్న మాట. తరువాతి చర్చ యంతయు ఈ యొక్క సత్యముపైననే ఆధారపడియున్నది.

చరిత్ర : 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.ఎం.సి.ఏ. శిక్షణ విద్యాలయమున ఉపాధ్యాయుడైన జేమ్స్ నైస్మిత్ శీతకాలమున యువకులకు వ్యాయామశాలలోపల ఆడింపదగిన క్రీడను కల్పింపబూని, పీచు పండ్లు నింపు బుట్టలు రెంటిని వ్యాయామశాల మేడవసారా కటకటాలకు కొట్టించెను. ఆ వసారా పది అడుగుల యెత్తున నుండెను. నేటి 3.05 మీటర్ల కొలత ఆ పది అడుగులే. ఏ శరీరశాస్త్రవిచారముగాని, ఏ గణితముగాని ఆ సంఖ్యను నిర్ణయింపలేదు. ఎదిగిన యువకుల వ్యాయామశాలలో యాదృచ్ఛికముగా కుదిరిన ఆ కొలత భూమండలమంతట వ్యాపించి, మన పల్లెబడిలో నాలుగవ తరగతి చదువు పిల్లవానికి సైతము ప్రమాణమై కూర్చున్నది.

భారతదేశమునకు ఈ క్రీడ వై.ఎం.సి.ఏ. ద్వారమున వచ్చినది. హ్యారీ క్రో బక్ 1920లో మదరాసున స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామవిద్యాకళాశాల దక్షిణదేశమున వ్యాయామోపాధ్యాయ వృత్తికి పునాది యయ్యెను. భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య 1950లో ఏర్పడెను. 1980 మాస్కో ఒలింపిక్సునందు భారత పురుషుల జట్టు పాల్గొనెను.

షూటింగు రీతి ఈ కాలమున మూడు దశలు గడచినది. తొలి తరమువారు రెండు పాదములు నేలపై నిలిపి, రెండు చేతులతో ఛాతీకడనుండి బంతిని నెట్టుచుండిరి. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ విద్యార్థి హ్యాంక్ లూయిసెట్టి 1936 డిసెంబరు 30వ తేదీన న్యూయార్కు నగరమున లాంగ్ ఐలండు విశ్వవిద్యాలయ జట్టుపై ఆడుచు, ఒంటిచేతి షాటుతో ప్రేక్షకులను విభ్రాంతులను గావించెను. నాటివరకు వరుసగా 43 ఆటలు గెలిచియుండిన జట్టు ఆనాడు ఓడెను. పిమ్మట గాలిలోనికి ఎగిరి పైన బంతిని వదలు జంప్ షాట్ వచ్చెను. దానిని నేటి రూపమునకు తెచ్చినవారిలో వయోమింగు రాష్ట్రమువాడగు కెన్నీ సెయిలర్సును అగ్రగణ్యునిగా చెప్పుదురు. తనకంటె మిక్కిలి పొడవైన అన్నతో ఆడునప్పుడు అతని చేతులమీదుగా బంతిని వేయుటకు వేరు మార్గము కానక ఎగురుట నేర్చితినని ఆయన చెప్పుకొనెను. పొట్టివాని అవసరము నుండి ఈ విద్య పుట్టినదను మాట మన ప్రాంతపు శిక్షకులు గుర్తుంచుకొనదగినది. అంతర్జాతీయ క్రీడలో 1984నుండి 6.25 మీటర్ల దూరమున ఉండిన మూడు పాయింట్ల గీత 2010లో 6.75 మీటర్లకు జరుపబడినది. దూరపు షాటునకు హెచ్చు విలువ కలిగినది మొదలు బాలురందరు ఆ గీతపైననే నిలిచి వేయగోరుట సర్వసాధారణమైనది. టెలివిజనులో చూచిన దానిని అనుకరింపగోరు ఈ యుత్సాహము క్రీడకు మేలే. వారి మోచేతులకు మాత్రము కీడు.

ప్రాంతము, సంస్థలు : 2016 అక్టోబరు 11వ తేదీన జరిగిన జిల్లాల పునర్విభజనములో కరీంనగర్ జిల్లానుండి పెద్దపల్లి, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలును, ఆదిలాబాదు జిల్లానుండి నిర్మల్, మంచిర్యాల, కుమ్రంభీమ్ ఆసిఫాబాద్ జిల్లాలును వెలువడినవి. క్రీడల విషయమున ఈ యుభయ ప్రాంతములకు ఒక విశేషము కలదు. రాష్ట్రప్రభుత్వము నడుపు క్రీడాపాఠశాలలు మూడింటిలో మొదటిది హైదరాబాదు సమీపమున హకీంపేటలో నుండగా, తక్కిన రెండును కరీంనగరులోను ఆదిలాబాదులోను నెలకొనియున్నవి. వీనియందు నాలుగవ తరగతిలో పిల్లలను చేర్చుకొందురు. ఎత్తు, బరువు కొలిచి, 30 మీటర్ల పరుగు, షటిల్ పరుగు, నిలుచున్నచోటినుండి దూకు లాంగ్ జంపు, మెడిసిన్ బాల్ విసరుట, 800 మీటర్ల పరుగు మున్నగు పరీక్షలు జరిపి ఎన్నిక చేయుదురు. ఇవి దేహసామర్థ్యమును తెలుపునవే కాని ఏ యొక్క క్రీడా నైపుణ్యమును తెలుపునవి కావు, అది ఉచితమే. ఎనిమిది తొమ్మిదేండ్ల బిడ్డ ఏ యాటకు తగునో నిర్ణయించుటకు అది వయస్సు కాదు.

గోదావరి లోయలోని బొగ్గుగనుల పట్టణములలో ఆటలకు వేరొక ఆలంబనము కలదు. సింగరేణి సంస్థలో కార్మికుల క్రీడా సంఘము డబ్ల్యు.పి.ఎస్. అండ్ జి.ఎ. అను పొడి అక్షరములతో ప్రసిద్ధము; గోదావరిఖని, బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూరు ప్రాంతముల మైదానములు దాని యాధ్వర్యమున నడచుచున్నవి. సంస్థ యంతర్గత పోటీలలో బాస్కెట్‌బాల్ కూడ చేరియున్నది. గనిలో మూడు షిఫ్టులలో పనిచేయు క్రీడాకారునికి షూటింగు నేర్పుట పాఠశాల బాలునకు నేర్పుటవంటిది కాదు. షిఫ్టు దిగి వచ్చినవాని కాళ్లలో సత్తువ ఉడిగియుండును. కాళ్లు ఉడిగినవాని షాటు రింగునకు ముందుగానే పడును. అతడు దానిని చేతితో పూరించుకొనజూచును, మోచేయి ప్రక్కకు పోవును, నిన్నటివరకు సరిగానుండిన రీతి నేడు చెడును. అట్టివానికి ఆనాడు దూరపు షాట్లు మాన్పించి, రింగు దగ్గర నాలుగు అడుగులలో ఆపి, కొలదిగా వేయించి పంపుటే మంచిది. వారము వారము షిఫ్టు మారునట్టి చోట శిక్షణ పట్టిక సైతము షిఫ్టుననుసరించి మారవలసియుండును.

బాలుని బంతి, బాలుని రింగు : ఉత్తర తెలంగాణ పల్లెలనుండి కోర్టునకు వచ్చు పిల్లలు చేతికి పని తెలియనివారు కారు. చింతకాయ రాల్చుటకు, మామిడికాయ కొట్టుటకు రాయి విసరిన చేతులవి. జొన్నచేల మంచెపై పిట్టలను తోలుటకు ఒడిసెల త్రిప్పిన వంశమున పుట్టిన చేతులవి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఈ ప్రాంతమున బాస్కెట్‌బాల్ కంటె మిక్కిలి వ్యాప్తి గలవి. పిల్లవాడు వీనిలో నేదో యొకటి ఆడియే ఇటు వచ్చును. శిక్షకునకు ఇది లాభమును, చిక్కును గూడ. రాయి విసరువాడు ప్రక్కకు తిరిగి నిలుచును, నడుమును మెలిద్రిప్పును, చేతిని వెనుకకు లాగి ముందుకు కొట్టును. ఈ క్రమమే హ్యాండ్‌బాల్‌లోను చెల్లును. బాస్కెట్‌బాల్ షాటులో నడుము మెలిదిరుగుటకు తావులేదు. బలము నేలనుండి మోకాలికి, మోకాలినుండి భుజమునకు, భుజమునుండి మణికట్టునకు నిటారుగా ఎక్కిపోవలెను. కావున విసరుటలో ఆరితేరినవాడు తొలి మాసములలో తోటివారికంటె వెనుకబడుట కద్దు. వాలీబాల్‌లో బంతిని పైకెత్తి ఇచ్చు ఆటగాడు ఇందుకు విపరీతము. వ్రేళ్ల కొనల మెత్తన, మోకాళ్ల వంపు, తలపైన బంతిని పట్టు ఆకారము అతనికి ముందే అలవడియున్నవి. బాస్కెట్‌బాల్‌కు బాలురను ఎన్నుకొను వ్యాయామోపాధ్యాయుడు కబడ్డీ బరికంటె ముందు వాలీబాల్ నెట్టు వైపు చూచుట లాభకరమని నా యభిప్రాయము.

అయితే అసలు చిక్కు పూర్వపుటలవాట్లలో లేదు. బడికి ఉన్నది ఒకటే బంతి. అది 7వ సంఖ్యది, సుమారు 600 గ్రాముల బరువుది. ఉన్నది ఒకటే రింగు, అది 3.05 మీటర్లది. ఆరవ తరగతి బాలుడు, పదవ తరగతి బాలుడు, బాలికలు, అందరును దానికే వేయవలెను. చిన్నవాడు ఒంటిచేత బంతిని రింగుదాక పంపలేడు. పంపవలెనను పట్టుదల గలవాడు గనుక ఉపాయము వెదకును: బంతిని నడుము ప్రక్కకు దించి, దేహమును మెలిద్రిప్పి, రెండవ చేయి బొటనవ్రేలితో సైతము నెట్టి, ముందుకు దుమికి విసరును. ఒక్కొక్కప్పుడు అది పడును కూడ. పడినంతనే ఆ రీతి స్థిరపడిపోవును. నాలుగేండ్ల పిమ్మట, మీసకట్టు వచ్చి భుజబలము కలిగినప్పుడు ఆ యుపాయములతో పని లేదు. కాని అవి పోవు. శిక్షకుడు "ఎడమ చెయ్యి తియ్యి, ఎడమ చెయ్యి తియ్యి" అని అరచుచుండును. కంటికి కానవచ్చు దోషము ఎడమచేయి. దాని బీజము బరువైన బంతి.

పండ్రెండేండ్ల లోపు పిల్లలకు 5వ సంఖ్య బంతిని, 2.60 మీటర్ల యెత్తున రింగును మినీ బాస్కెట్‌బాల్ నియమములు విధించుచున్నవి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు స్క్రాంటన్ పట్టణమున జే ఆర్చరు 1950లో చిన్నపిల్లలకై ప్రారంభించిన ప్రయత్నమునుండి ఈ పద్ధతి వ్యాపించినది. 5వ సంఖ్య బంతి బరువు సుమారు 480 గ్రాములు. రింగునకు రెండున్నర మీటర్ల దూరమున నిలిచిన బాలుని విషయమున లెక్కించి చూడగా, పెద్దల బంతిని పెద్దల రింగునకు వేయుటతో పోల్చినప్పుడు చిన్న బంతిని చిన్న రింగునకు వేయుటలో బంతికి ఈయవలసిన శక్తి నూటికి సుమారు 30 పాళ్లు తగ్గుచున్నది. సరియైన రీతికిని, వికృతరీతికిని నడుమనున్న అంతరము పెక్కుమార్లు ఈ 30 పాళ్లే. బాలికలకు, స్త్రీలకు విధింపబడినది 6వ సంఖ్య బంతి. 510 మొదలు 550 గ్రాములది. ఉన్న ఒక్క బంతి 7వ సంఖ్యది యగుటచే దానితోనే సాధన చేసి, పోటీనాడు 6వ సంఖ్య బంతిని చేతబట్టిన బాలిక షాట్లు రింగును దాటిపోవుట సహజము. ఆమెను నిందించుట అన్యాయము.

రెండవ రింగు పెట్టించుట మిక్కిలి వ్యయముతో కూడిన పని కాదు. గ్రామములోని వెల్డింగు దుకాణమున ఇనుప కడ్డీని 45 సెం.మీ. లోపలి వ్యాసమునకు వంచించి, కోర్టు ప్రక్క గోడకు 2.60 మీటర్ల యెత్తున బిగింపవచ్చును. బోర్డు లేకున్నను బాధ లేదు. తొలి యేడాదిలో పిల్లలు బోర్డు నాశ్రయింపక రింగును చూచి వేయుట నేర్చుట మేలే. ఇంతమాత్రము చేసిన వ్యాయామోపాధ్యాయుడు, ఖరీదైన యంత్రములు తెప్పించినవానికంటె తన పిల్లలకు హెచ్చు ఉపకారము చేసినవాడగును.

దేహస్థితి : కుడిచేతివానిని ఉద్దేశించి చెప్పినచో, పాదములు భుజముల వెడల్పున నిలుపవలెను, కుడిపాదము రవంత ముందుండవలెను. పాదములు రెండును రింగునకు సూటిగానే యుండవలెనని పూర్వగ్రంథములు శాసించెడివి. వ్రేళ్లు కొంచెము ఎడమవైపునకు తిరిగియుండిన భుజము సులువుగా రింగునకు సూటియగునని నేటి శిక్షకులు పెక్కుమంది అంగీకరించుచున్నారు. మోకాళ్లు వంగవలెను; నడుము వంగరాదు. బంతి వ్రేళ్ల మెత్తని కొనలపై నిలువవలెను, అరచేతి నడుమ సందు కానరావలెను. మణికట్టు వెనుకకు మడిచి చర్మమున ముడుతలు పడునట్లు బంతిని మోయవలెను. ఎడమచేయి ప్రక్కనుండి ఆనుకొనునే కాని నెట్టరాదు. మోకాళ్లు సాగుటయు, చేయి లేచుటయు వేరువేరు క్రియలుగా గాక ఒక్కటే ప్రవాహముగా సాగవలెను. బాలురలో బలము చాలక పోవుటకు చేతి బలహీనతకంటె ఈ ప్రవాహము నడుమ తెగుటయే హెచ్చు కారణము. బంతి చిట్టచివర చూపుడువ్రేలును, నడిమివ్రేలును తాకి వెడలును. వదలిన పిమ్మట చేయి దించక, బంతి రింగును చేరువరకు అట్లే నిలుపవలెను. "చెయ్యి గట్లనే ఉంచు బిడ్డా, దించకు" అని మన ప్రాంతపు కోర్టులపై వినవచ్చు హెచ్చరిక దీనిని గురించినదే. వదలిన తరువాత చేయి ఎట్లున్నను బంతికి పట్టదు గదా యని తార్కికులు అడుగవచ్చును. నిజమే, కాని దించవలెనను తొందర వదలుటకు ముందే చేతిలో ప్రవేశించును, దానిని నివారించుటకే ఈ నియమము.

మోచేయి విషయమున కొంత ఔదార్యము అవసరము. మోచేయి బంతి క్రింద, రింగునకు సూటిగా ఉండవలెనను నియమము ఉత్తమమే. భుజముల నిర్మాణముచే కొందరికి అది అసహజము. బంతి తిరుగు తీరును చూచి తీర్పు చెప్పుట మేలు. పాత బంతి చుట్టు నడుమగా నల్లని ఇన్సులేషన్ టేపు ఒక వరుస అంటించి వేయించినచో, ఆ పట్టీ గాలిలో నిలువుగా తిన్నగా కానవచ్చినప్పుడు చేయి సరిగా పనిచేసినదనియు, తూలుచు ఊగినప్పుడు బొటనవ్రేలో, ఎడమచేయో జోక్యము చేసుకొన్నదనియు బాలుడే తెలిసికొనును. తప్పిన షాటు సైతము మాట్లాడును. ముందుగానో, దాటియో పోయినది బలమునకు, కోణమునకు సంబంధించిన దోషము. అది అందరికి కలుగును, సాధనచే సర్దుకొనును. కుడికో ఎడమకో పోయినది పట్టుకు, మోచేతికి, పాదములకు సంబంధించినది. దానిని వెంటనే విచారింపవలెను. అనుభవజ్ఞుడైన శిక్షకుడు పడిన షాట్లను లెక్కించుటకంటె, తప్పినవి ఎటు తప్పినవో చూచుటయందు హెచ్చు శ్రద్ధ వహించును.

సాధనక్రమము : సాధన రింగు దగ్గరనుండి దూరమునకు సాగవలెను. ఒక మీటరు దూరమున ఒంటిచేత, ఎడమచేయి వెనుకకు కట్టుకొని, బంతి రింగు అంచును తాకకుండ పడునట్లు వేయుట మొదటి మెట్టు. పదింట ఏడు పడినప్పుడు ఒక అడుగు వెనుకకు జరుపుట ఎక్కువ మంది పాటించు కొలత. దీనికి నేనొక సవరణ చేర్పగోరుదును: బంతులు పడుచున్నను రీతి చెడినచో అడుగు వెనుకకు జరుపుటకు మారుగా ముందుకే జరుపవలెను. మూడు పాయింట్ల గీత ఆ బాలునికి ఏడాదియో రెండేండ్లో దూరము కావచ్చును. దీనికి అతడు ఒప్పుకొనడు. శిక్షకుని ఓర్పునకు ఇంతకంటె పెద్ద పరీక్ష వేరొకటి లేదు.

ఒకేచోట నిలిచి వంద షాట్లు వేయుట తొలి వారములలో ఉపయోగకరమే. రీతి కుదిరిన పిమ్మట స్థానమును, దూరమును, బంతి వచ్చు దిక్కును మార్చుచు వేయించుట మేలు. చలనవిద్యలను నేర్చుటను గురించి 1979లో షీ, మోర్గన్ అను పరిశోధకులు జరిపిన ప్రసిద్ధ ప్రయోగము, పనులను కలగలిపి సాధన చేసినవారు సాధనవేళ వెనుకబడినను తరువాత జ్ఞాపకము పెట్టుకొనుటలో ముందుండిరని చూపినది. వేసవి శిక్షణ శిబిరములలో చివరిదినమున పెద్దలయెదుట పిల్లలచేత వేయించి చూపుట ఆచారము. అక్కడ మెరయుటకు ఒకేచోటి సాధన చాలును, అక్టోబరులో పాఠశాలల పోటీలో నిలుచుటకు చాలదు.

శిక్షకుని మాటల విషయము వేరుగా చెప్పదగినది. "మోచేయి చూచుకో, మణికట్టు చూచుకో" అని దేహావయవములపైకి బాలుని మనస్సును మరలించుటకంటె "రింగు వెనుక అంచు చూడు, దాని మీదుగా వేయి" అని బయటి లక్ష్యముపై నిలుపుట హితకరము. 2005లో ప్రకటితమైన ఒక ప్రయోగమున, ఫ్రీ త్రో వేయువారిలో మణికట్టును తలచినవారికంటె రింగును తలచినవారి గురి మెరుగుగానుండుటయేగాక, వారి చేతి కండరములలో విద్యుచ్చలనము సైతము తక్కువగా నమోదయ్యెను. అనగా తక్కువ శ్రమతో హెచ్చు ఫలము. మన వ్యాయామోపాధ్యాయులు ప్రతి షాటునకు ఒక దోషమెత్తి చూపుట ధర్మమని తలచుచుందురు. ఐదారు షాట్లు మౌనముగా చూచి, "ఎట్లనిపించింది?" అని బాలునే అడిగి, ఒక్క దోషమును మాత్రము చెప్పినచో అతడు దానిని నిలుపుకొనును. ఒక నోటుపుస్తకమున స్థానముల వారీగా వేసినవెన్ని, పడినవెన్ని, తప్పినవి ఎటు తప్పినవి అని వ్రాసికొనుట ప్రారంభించిన పిల్లవానికి శిక్షకుని అవసరము సగము తగ్గును.

ఫ్రీ త్రో : ఇది 5 సెకనులలో వేయవలసిన షాటు. ఒకే సంఖ్యలో బంతిని నేలకు కొట్టి, ఒకే రీతిగా ఊపిరి విడిచి, ఒకే బిందువుపై దృష్టి నిలిపి వేయు క్రమమును ప్రతివాడు ఏర్పరచుకొనవలెను. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయమున జోన్ వికర్స్ 1996లో ప్రకటించిన పరిశోధనమున, నేర్పరులైన ఆటకత్తెలు చేయి కదలుటకు ముందే రింగుపై దృష్టిని చాలసేపు చలింపక నిలుపుదురనియు, తక్కువ నేర్పు గలవారి దృష్టి చెదరుచుండుననియు తేలెను. రెండు చేతులతో మోకాళ్లమధ్యనుండి పైకెత్తి వేయు ప్రాచీన రీతిని రిక్ బారీ అను అమెరికన్ ఆటగాడు 1960, 70 దశకములలో పాటించి, వేసిన ఫ్రీ త్రోలలో నూటికి 90 వంతున సాధించెను. అయినను అది పిరికిరీతి యను అపహాస్యమునకు జంకి అతని వెంట నడచినవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే. ఫలితముకంటె రూపమునకు విలువనిచ్చు స్వభావము ఆటగాండ్రయందును కలదు.

ఆరుబయటి కోర్టు : ఈ జిల్లాలలో హెచ్చు కోర్టులు సిమెంటుతో వేసిన ఆరుబయటి కోర్టులే. రామగుండము, ఆదిలాబాదు వేసవి యెండలు 45 డిగ్రీలను తాకుచుండును. ఆదిలాబాదు చలి కొన్ని రాత్రులలో 5 డిగ్రీల దరికి దిగును. ఎండవేళ గాలి నింపిన బంతిని చలికాలపు ప్రాతఃకాలమున వాడినచో దాని లోపలి పీడనము నాలుగవ వంతుకు పైగా తగ్గియుండుట సంభవము. మెత్తబడిన బంతి నేలపై సరిగా లేవదు, రింగుపైన చచ్చినట్లు పడును, వ్రేళ్లకు వేరుగా తగులును. 1.80 మీటర్ల యెత్తునుండి విడిచిన బంతి పైభాగము 1.20 మొదలు 1.40 మీటర్ల వరకు లేవవలెనను నియమము పూర్వముండెను. గోడపై సున్నముతో ఈ మూడు గీతలు గీసియుంచి ప్రతిదినము సాధనకు ముందు పరీక్షించుట సులభము. మృగశిరకార్తె మొదలు ఆషాఢమాసమంతయు వీచు పడమటి గాలిలో దూరపు షాట్లు అభ్యసించుట నిరర్థకము. అప్పుడు బాలుడు నేర్చునది షాటు కాదు, గాలిని సర్దుకొనుట. ఆ దినములలో రింగు దగ్గరి పనులు, లే-అప్‌లు, పాసులు చేయింపవలెను. వాన కురియునప్పుడు బడి వసారాలో వెల్లకిల పరుండి బంతిని ఒంటిచేత నిటారుగా పైకి వేసి అదే చేతిలో పట్టుకొను అభ్యాసము మణికట్టునకు, వ్రేళ్లకు మిక్కిలి మేలు చేయును. కోర్టు తూర్పు పడమరలుగా వేయబడినచో ఉదయము ఒక రింగు, సాయంకాలము వేరొక రింగు సూర్యుని యెదుట పడును. క్రొత్తగా వేయువారు ఉత్తర దక్షిణములుగా వేయించుట మంచిది. నెట్టు చినిగిన వెంటనే మార్పవలెను. నెట్టులేని రింగులో బంతి పడినదో పడలేదో దూరమునుండి తెలియక పిల్లలు తగవులాడుటయేగాక, దృష్టికి లోతు అందక గురి సైతము చెడును.

పగుళ్లు కప్పుటకు పాత కోర్టుపై క్రొత్త సిమెంటు పొర వేయునప్పుడు స్తంభములు పూర్వపు చోటనే నిలిచియుండును. పొర మందము ఎంతో అంతమేర రింగు ఎత్తు తగ్గును. ఏడెనిమిది సెంటీమీటర్లు తగ్గిన రింగుపై సంవత్సరమంతయు సాధన చేసిన జట్టు ఇతర స్థలమున పోటీకి పోయి మొదటి ఆటలో వరుసగా రింగునకు ముందే షాట్లు పడవేయుచున్నచో, ఆటగాండ్రను మందలించుటకు ముందు తమ కోర్టునకు తిరిగివచ్చి టేపుతో రింగు ఎత్తును కొలుచుట శిక్షకుని పని.